సులై క్యాంపులో చివరి కేబిన్

రియాద్‌లో సులై వైపు గోదాముల వెనక ఒక లేబర్ క్యాంపు ఉంది. చీకటి పడిందంటే ఆ క్యాంపులో చివరి కేబిన్ వైపు ఎవరూ వెళ్ళరు. బాత్రూములకు దగ్గరదారి అదే — అయినా చుట్టూ తిరిగి పోతారు.

ఆ కేబిన్‌లో ఉదయకిరణ్ అని ఒక శ్రీకాకుళం మనిషి చనిపోయాడట. గుండె ఆగిందన్నాడు డాక్టరు. క్యాంపులో వాళ్ళు ఇంకోలా చెప్పుకుంటారు. ఎవరిదో ఫోను పోతే నేరం అతని మీద పడింది. తీశాడా లేదా అని ఎవరూ తేల్చలేదు... మాట్లాడటం మానేశారు, అంతే. అతను మూటాముల్లె సర్దుకుని ఆ కేబిన్‌లోకి మారాడు. ఒక పొద్దున లేవలేదు.

అప్పట్నుంచీ రాత్రిళ్ళు ఆ గోడ మీద ఎవరో వేళ్ళతో కొడతారు... టక్... టక్... టక్...

అలాంటి చోటికి పీరయ్య తన మంచం తానే మోసుకుని వెళ్ళాడు.

పీరయ్యది జగిత్యాల దగ్గర పల్లె. తాపీ పని. క్యాంపులో చాటుగా సారా కాస్తున్న ముగ్గురిని ఒక రోజు పోలీసులు పట్టుకుపోయారు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే పీరయ్యను ఆఫీసుకు పిలిచారు, ఇకామా పర్మిట్ రెన్యువల్ కోసం. సాయంత్రానికల్లా ఆ రెండూ కలిసి, పోలీసులకు చెప్పింది పీరయ్యేనని ఒక కథ అయిపోయాయి.

ఫోర్‌మన్ అమర్‌నాథ్ మెస్సులో లేచి నిలబడ్డాడు.

"ముగ్గురి బతుకులు ఆగం జేసిండు వీడు. ఇగ వీనితోని ఎవడన్న మాట్లాడితే, వాడు గూడ మనోడు గాదు."

"నేను చెప్పలే అన్నా! నా బిడ్డల మీద ఒట్టు!"

ఎవరూ తలెత్తలేదు. ఖుబూజు తుంచుకుంటూ, పప్పులో అద్దుకుంటూ, తింటూనే ఉన్నారు.

ఆ రోజు మొదలు. తట్ట అందిస్తే అందుకుంటారు, మొహం చూడరు. బస్సులో అతని పక్క సీటు ఖాళీ. శుక్రవారం బతా బజారుకు వెళ్తే, చాయ్ హోటల్లో ఊరివాడు ఒకడు కనిపించాడు. పీరయ్య దగ్గరికి వెళ్ళేలోపు సగం గ్లాసు వదిలేసి లేచిపోయాడు. ఇంకో సైటుకు మార్చమని యజమాని కఫీల్‌ను బతిమాలాడు. వినలేదు. ఇంటికి ఫోన్ చేస్తే భార్య ఎప్పటిలాగే అడిగింది — "రూమోళ్ళందరు మంచిగున్నరా?"

"మంచిగున్నరు," అన్నాడు. వెంటనే ఫోన్ పెట్టేశాడు.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి అతని మంచం రూము బయట ఉంది. పరుపు మీద ఇసుక.

ఏం అడగలేదు. ఎవరిని అడుగుతాడు? మంచం ఎత్తుకుని నేరుగా చివరి కేబిన్‌కి పోయాడు. వాణ్ణి తీసుకపోయింది గదా ఈ కేబిన్, నన్ను గూడ తీసుకపోనీ... అనుకుని వెల్లకిలా పడుకున్నాడు.

క్యాంపులో లైట్లు ఆరిపోయాయి. కిటికీకి ప్లైవుడ్ ముక్క కొట్టి ఉంది. దాని అవతల గాలి... గాలిలో ఇసుక గీరుకుంటున్న చప్పుడు...

టక్... టక్... టక్...

పీరయ్య కిటికీ వైపు తిరిగాడు. చెక్క అవతల ఎవరో ఊపిరి పీల్చినట్టయింది. ఆ తర్వాత, చాలా మెల్లగా —

"తిన్నావా?"

భయంతో అరవాల్సిన మనిషి... ఏడ్చాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ మాట విని ఎన్ని దినాలైంది!

"తిన్న... తిన్న," అన్నాడు గోడకు మొహం ఆనించి.

మర్నాడు రాత్రీ వచ్చింది. ఆ మర్నాడూ. అదే గుసగుస, అదే ఒక్క మాట. పీరయ్య మాత్రం చెప్పుకుంటూ పోయేవాడు. పిల్లల సంగతి, మోకాలి నొప్పి సంగతి, తాను ఎవరికీ ఏమీ చెప్పలేదన్న సంగతి. అవతల నిశ్శబ్దం. కానీ వింటున్న నిశ్శబ్దం. చచ్చినోడైతే ఏంది, ఇంటుండు గదా అనుకున్నాడు.

పగళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. మనుషుల మధ్య చచ్చి, చీకటి పడ్డాక బతుకుతున్నట్టుంది అతనికి.

అలా ఉండగా ఒక రాత్రి గోడ అవతల దగ్గు వినిపించింది.

దయ్యం దగ్గుతుందా?

పీరయ్య దిగ్గున లేచాడు. తలుపు తోసుకుని, కేబిన్ చుట్టూ పరుగెత్తి, చీకట్లో కదిలిన ఆకారాన్ని పట్టుకున్నాడు. చెయ్యి వెచ్చగా ఉంది!

కాషిఫ్. పాత రూములో తన పక్క మంచం మీద పడుకునే కరీంనగర్ కుర్రాడు.

"అరువకు అన్నా... నీ కాళ్ళు మొక్కుత. ఎవ్వలన్న చూస్తే నన్ను గూడ ఎల్లగొడ్తరు."

పీరయ్యకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. బతికున్న మనిషే! ఇన్నాళ్ళూ తనను అడిగింది బతికున్న మనిషే!

"నేను చెప్పలేదురా, కాషిఫ్..."

"ఎరుకే అన్నా. అందరికి ఎరుకే. పోలీసులకు చెప్పింది సారా కొన్నోడేనట. అమర్‌నాథన్నకు గూడ తెల్సు."

"మరెందుకురా...?"

కాషిఫ్ తల దించుకున్నాడు. "మొదలువెట్టినం గదా. ఇప్పుడు ముందుగాల ఎవలు మాట్లాడాలె?"

పీరయ్య అతని చెయ్యి వదల్లేదు. "ఎట్లనన్న గాని... దినాం నువ్వు వచ్చి పలకరించినవ్. గది చాలురా నాకు."

కాషిఫ్ తెల్లబోయి చూశాడు.

"దినామేంది అన్నా? నువ్వెట్లున్నవో చూద్దామని ఇయ్యాలే వచ్చిన. ఇటు దిక్కు రావాలంటేనే నాకు భయం..."

చెయ్యి విడిపించుకుని చీకట్లో కలిసిపోయాడు.

మర్నాడు బస్సులో పీరయ్య ఒక్కొక్క మొహం వెతికాడు. నువ్వా? నువ్వా? నువ్వేనా వచ్చింది? అందరూ కిటికీల వైపు చూస్తున్నారు. కాషిఫ్ కూడా.

ఆ రాత్రి పీరయ్య పడుకోలేదు. మంచం మీద కూర్చుని, చెక్క వైపే చూస్తున్నాడు. గాలి ఆగిపోయింది. కుక్కలు కూడా మొరగడం లేదు...

టక్... టక్... టక్...

"తిన్నావా?"

లేచి పరుగెత్తి పట్టుకుందామా అనుకున్నాడు. అవతల ఎవరూ లేకపోతే? ఆ మాట కూడా పోతే?

"తిన్న," అన్నాడు. ఆ తర్వాత ఎందుకో, ఇన్నాళ్ళలో మొదటిసారి, తాను అడిగాడు —

"నువ్వు తిన్నవా?"

తర్వాత ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. అది కిటికీ అవతల కాదు... గదిలోనే, అతని మంచం పక్కనే, నేల మీద నుంచి.

"నన్నెవులూ అడగనేదన్నియ్యా... నానిక్కడున్నప్పుడు ఒక్కడైనా అడగనేదు."