వేదవతి కొన్న ట్రక్కు

గురువారం ఉదయం విశ్వేశ్వరరావు రెండో కాఫీ తాగుతూ పేపర్లో పదవినోదం పూరిస్తున్నాడు. వేదవతి స్నానానికి వెళ్ళింది. డైనింగ్ టేబుల్ మీద ఆమె ఫోన్ మోగి ఆగి, మళ్ళీ మోగింది. ఆ ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా ఎత్తేది ఆయనే. అలవాటుగా ఎత్తాడు.

"నమస్తే మేడమ్. నారాయణగూడ నుంచి ఉమాకాంత్. మీరు చెప్పిన ట్రక్కులు రెండు వచ్చినయి. ఏది ఫైనల్ చేస్తరు?"

"ట్రక్కులేమిటి? రాంగ్ నంబర్."

"వేదవతి మేడమ్ నంబరే గద సార్? అశోక్‌నగర్? పెద్దదైతే జబర్దస్త్ ఉంటది సార్. పది ఫీట్లు ఎగిరి కిందపడ్డా ఏం గాదు. జర మేడమ్‌ని వచ్చి చూసుకొమ్మనుండ్రి. ఇంకొకరు గూడ అడుగుతున్నరు."

విశ్వేశ్వరరావు చేతిలో కాఫీ తొణికి పదవినోదం మీద పడింది. ముప్పై ఆరేళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేసి, ఆఫీసరుగా రిటైరైన మనిషి. ఎవరో తన భార్య పేరు మీద లారీలు కొంటున్నారని ఆయనకి క్షణంలో అర్థమైపోయింది. బ్యాంకు నంబరు వెతుకుతుండగా వేదవతి తలకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చింది.

"వేదా, ఎవరైనా వచ్చి ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించుకున్నారా? నీ పేరున ట్రక్కులట! పది అడుగులు ఎగురుతాయట!"

"ఉమాకాంత్ చేశాడా?" ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది. "రెండూ వచ్చేశాయన్నాడా?"

ఫోన్ కంటే ఆ ముఖం చూసి ఎక్కువ అదిరిపడ్డాడాయన.

"అవి లారీలు కాదండీ," అంది వేదవతి. "రిమోట్‌తో నడిచే బండ్లు. మాన్‌స్టర్ ట్రక్కులంటారు. ఒళ్ళు చిన్నది, చక్రాలు పెద్దవి. బ్యాటరీతో నడుస్తాయి. మట్టి దిబ్బల మీంచి ఎగరేస్తారు."

"ఎవరికి? మన అవినాష్ కూతురికా?"

"నాకు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అరవై మూడేళ్ళ వేదవతి, ఏడాది క్రితం రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ చేయించుకున్న వేదవతి, ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ ట్యూషన్లు చెప్పే వేదవతి. ఆదివారం పొద్దున్నే చిక్కడపల్లి గుళ్ళో గీత క్లాసుకి వెళ్ళి పదింటికి ఇంటికొచ్చే వేదవతి.

"క్లాసు ఏడున్నరకే అయిపోతుంది," అందామె జుట్టు తుడుచుకుంటూ. "అక్కణ్ణించి అడిక్‌మెట్ దగ్గర ఖాళీ స్థలానికి వెళ్తున్నాను. పై అంతస్తు తన్మయితో. ఆ పిల్ల దగ్గర పాత బండి ఒకటుంది. ఓ రోజు దాని గేరు ఊడిపోయిందని లిఫ్టులో ఏడుపు ముఖంతో కనిపించింది. నేను సరిచేసి ఇచ్చాను. రండి ఆంటీ, మీరే నడపండని తీసుకెళ్ళింది. నాలుగు నెలలైంది."

"నాలుగు నెలలు!"

సాయంత్రానికల్లా కొంపల్లి నుంచి కొడుకు అవినాష్ దిగాడు. తండ్రి ఫోన్లో ఏం చెప్పాడో కానీ, వస్తూనే తల్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, ఈ మధ్య ఏవైనా మర్చిపోతున్నావా? నీ కోడలు మహితకి తెలిసిన డాక్టరొకాయన ఉన్నాడు. ఊరికే ఒకసారి చూపిద్దాం."

"మీ నాన్న బీపీ మాత్ర మర్చిపోతే రోజూ గుర్తుచేసేది ఎవర్రా?" అంది వేదవతి. తన ఫోన్ తీసి రెండు బొమ్మలు చూపించింది. "ఇదిగో, వీటిలో ఏది తీసుకోవాలో తేలక రెండు వారాలు ఆలోచించాను. చిన్నది తేలిక. దిబ్బ మీంచి పడ్డా దెబ్బ తక్కువ, విరిగినా పార్టులు ఇక్కడే దొరుకుతాయి. పెద్దదానికి రెండు బ్యాటరీలు కావాలి. బాగా బరువు. మనుషులకి దూరంగా నడపాలి. కానీ ఎంత గడ్డిలోనైనా ఆగదు. మతిపోయినదాన్ని ఇంత ఆలోచిస్తానంటావా?"

అవినాష్‌కి నవ్వొచ్చింది. తండ్రి ముఖం చూసి ఆపుకున్నాడు.

"నవ్వులాటగా ఉందా?" విశ్వేశ్వరరావు గొంతు పెంచాడు. "నలభై రెండేళ్ళ కాపురం! ఏ వస్తువు కొన్నా నాలుగు షాపులు తిరిగి, నాలుగు రకాలు పోల్చి తెచ్చాను. ఏ లోటు చేశాను?"

"ఏ లోటూ లేదండీ. ఫ్రిజ్ మీరే తెచ్చారు. మిక్సీ మీరే. ఈ ఫ్లాటూ మీరే చూశారు. నా కళ్ళజోడు ఫ్రేము కూడా మీరే ఎంచారు. అన్నీ మంచివే."

"మరి నా దగ్గర దాచడం దేనికి? ఒకరికి తెలియకుండా ఒకరం ఏదైనా చేశామా ఈ ఇంట్లో?"

వేదవతి ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టింది. కొడుకు వైపు కాకుండా తిన్నగా భర్త వైపు చూసింది.

"ఎనభై ఐదు సెప్టెంబరులో ప్రభుత్వ ల్యాబొరేటరీ నుంచి నాకు ఉద్యోగం కాగితం వచ్చింది కదండీ."

విశ్వేశ్వరరావు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"ఏ ఉద్యోగం?" అవినాష్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"సైంటిఫిక్ అసిస్టెంట్. ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాను. ఫలితం ఏమైందంటే, ఏమీ రాలేదన్నారు మీ నాన్న. నేనూ రాలేదనే అనుకున్నాను."

"నీకు... నీకెలా తెలుసు?" అన్నాడు విశ్వేశ్వరరావు. ఆ ప్రశ్నతోనే ఒప్పుకున్నట్టయిందని ఆయనకి ఆలస్యంగా తెలిసింది.

"మీరు ప్రతి ఉత్తరానికీ కార్బన్ కాపీ ఉంచుతారు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట గాంధీనగర్ అద్దె ఇంటి నుంచి ఇక్కడికి మారేటప్పుడు ఫైళ్ళు సర్దింది నేనే. కుటుంబ కారణాల వల్ల ఈ ఉద్యోగంలో చేరలేకపోతున్నాను అని ఉంది. కింద నా సంతకం. రాత మీది."

అవినాష్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"వీడికి అప్పుడు ఏడాది నిండలేదు," విశ్వేశ్వరరావు తడబడ్డాడు. "ఎవరు చూస్తారు? నీ మంచికే..."

"అడిగితే నేనే వద్దనేదాన్నేమో. కానీ ఆ వద్దు నాదయ్యేది."

"ఇన్నేళ్ళూ తెలిసి ఎందుకు అడగలేదు, వేదా?"

"అడిగితే మీరు సంజాయిషీ చెప్తారు. అది సబబుగానే ఉంటుంది. నేను సరేనంటాను. ఆ సరే అనడం ఇష్టంలేక అడగలేదు."

అవినాష్ భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర తల్లి భుజం మీద చెయ్యి వేశాడు కానీ తండ్రికి వెళ్ళొస్తానని చెప్పలేదు.

తర్వాతి రెండు రోజులూ వేదవతి ఎప్పటిలాగే ఉంది. కాఫీ ఇచ్చింది, మాత్ర గుర్తుచేసింది, ట్యూషన్ చెప్పింది. ఆమె అరిచినా ఏడ్చినా ఆయనకి కొంత తేలికగా ఉండేది. అంత మాట మనసులో పెట్టుకుని ఇరవై ఎనిమిదేళ్ళు ఇలాగే కాఫీ ఇచ్చిందన్నమాట. అది తలుచుకుని ఆయన కాఫీ సగంలోనే వదిలేశాడు.

ఆదివారం ఎనిమిదింటికి ఆటో ఎక్కి అడిక్‌మెట్ వెళ్ళాడు. ఇళ్ళు కట్టడానికి తవ్విన మట్టి అక్కడ దిబ్బలు దిబ్బలుగా పోసి ఉంది. ఒక దిబ్బ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద వేదవతి కూర్చుని ఉంది. మెడలో వేలాడదీసిన రిమోట్, కాళ్ళకి బూట్లు. పక్కన జీన్స్‌లో తన్మయి.

"ఇప్పుడు ఫుల్లు గొట్టుండ్రి ఆంటీ!"

తన్మయి పాత బండి రివ్వున దిబ్బ ఎక్కి గాల్లోకి లేచింది. ఎగిరి, ముక్కు నేలకి కొట్టుకుని, మూడు పల్టీలు కొట్టి ఆగింది. ఒక చక్రం పక్కకి వాలిపోయింది. వేదవతి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఆయన ఎప్పుడూ వినలేదు. నలభై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, భార్య ఇంత గట్టిగా నవ్వగలదని తెలియని మగవాడు తానేనని ఆయన నిర్ఘాంతపోయాడు.

తన్మయి బండి తెచ్చి ఇచ్చింది. వేదవతి దాన్ని ఒళ్ళో తిరగేసి, స్క్రూడ్రైవరుతో విరిగిన భాగం విప్పడం మొదలుపెట్టింది. ఎక్కడా తడుముకోవడం లేదు.

"వేదా."

ఆమె తలెత్తింది. తన్మయి ఇద్దరినీ చూసి, "ఆంటీ, స్పేర్ పార్టు స్కూటీల ఉంది, తెస్త," అంటూ వెళ్ళిపోయింది.

విశ్వేశ్వరరావు మట్టిలోనే చతికిలబడ్డాడు.

"నీ మంచికని అన్నాను. అబద్ధం. అప్పుడు నేను గుమాస్తాని. ఆ కాగితంలో నీ హోదా నా కంటే పైన ఉంది. మా ఆఫీసులో అందరూ నవ్వుతారని భయపడ్డాను. నీ సంతకం నాలుగుసార్లు ప్రాక్టీసు చేశాను, వేదా. ఇంత నీచమైన పని చేసి, నిన్ను బాగా చూసుకున్నానని ఇన్నేళ్ళూ..." అరవై ఎనిమిదేళ్ళ మనిషి మట్టిలో కూర్చుని ఏడ్చాడు.

వేదవతి కళ్ళు కూడా నిండాయి. తుడుచుకుందామంటే చేతులకి గ్రీజు ఉంది.

"భయమని అప్పుడే చెప్పి ఉంటే ఎంత బాగుండేది," అంది మెల్లగా. "క్షమించానని ఇప్పుడు చెప్పలేనండీ. చెప్తే అది కూడా ఊరికే సరేనన్నట్టు ఉంటుంది."

"వద్దు. చెప్పకు."

"ఈ స్క్రూలు పట్టుకోండి. మట్టిలో పడితే దొరకవు."

ఆయన రెండు అరచేతులూ దోసిలి పట్టాడు. ఆమె ఒక్కొక్కటే విప్పి అందులో వేసింది.

మర్నాడు తన్మయితో కలిసి ముగ్గురూ నారాయణగూడ వెళ్ళారు. ఉమాకాంత్ షాపు ఫ్లైఓవర్ పక్క సందులో, మొదటి అంతస్తులో ఉంది. రెండు ట్రక్కులూ కౌంటరు మీద పెట్టి, అతను అలవాటు ప్రకారం విశ్వేశ్వరరావు వైపు తిరిగాడు.

"సార్, మీరే చెప్పుండ్రి. ఏది ప్యాక్ చెయ్యాలె?"

అంతకుముందు రాత్రంతా ఆయన రెండింటి వివరాలూ చదివాడు. ఎలా చూసినా చిన్నదే సరైనదని తేల్చుకున్నాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నన్నడక్కు బాబూ. బండి ఆవిడది."

వేదవతి ఆయన వైపు ఒక్కసారి చూసి, ట్రక్కుల వైపు తిరిగింది. రెండింటినీ పైనుంచి నొక్కి స్ప్రింగులు చూసింది. చక్రాలు తిప్పి చూసింది. అడుగు భాగంలో స్క్రూలు లెక్కపెట్టింది. బ్యాటరీ ఛార్జింగ్ గురించి ఉమాకాంత్‌ని పది ప్రశ్నలడిగింది.

"చిన్నదే బెస్ట్ ఆంటీ," అంది తన్మయి.

"అవునమ్మా. చిన్నదే తెలివైన బేరం. మా ఇంట్లో ఇప్పటిదాకా అన్నీ తెలివైన బేరాలే ఉన్నాయి." పెద్ద ట్రక్కు మీద చెయ్యి వేసింది. "నాకు ఇది నచ్చింది."

"పెద్దదా!" విశ్వేశ్వరరావు నోరుజారి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

"ఏం?" అంది వేదవతి.

"ఏం లేదు. ఏం లేదు."

"ఆంటీ, బరువు చూసిండ్రా?" తన్మయి గాభరాపడింది. "మీ మోకాళ్ళతోని ఎట్ల మోస్తరు?"

"నేనెందుకు మోస్తాను?"

ఆమె ఎవరి వైపూ చూడలేదు. చీర కొంగు సర్దుకుని, రిమోట్ ఉన్న చిన్న పెట్టె మాత్రం చేతిలోకి తీసుకుంది.

ఆ మాట అర్థం కావడానికి విశ్వేశ్వరరావుకి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కౌంటరు దగ్గరికి వెళ్ళి పెద్ద అట్టపెట్టెని రెండు చేతులా గుండెకి ఆనించి ఎత్తుకున్నాడు.

ఆమె వెనకే జాగ్రత్తగా మెట్లు దిగుతూ, "వేదా," అన్నాడు, "ఆదివారం మనం ఎన్నింటికి బయల్దేరాలి?"