పుష్యమాసంలో చౌడు

ఉప్పు వేసిన వేడినీళ్ళలో ఇమాం వలి కాళ్ళు పెట్టుకుని కూర్చున్న వేళ వాళ్ళిద్దరూ మెట్లెక్కి వచ్చారు. ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, పైవాళ్ళతో పొసగక వదిలేసి, కర్నూలులో తుంగభద్ర ఒడ్డున ఒక మేడగదికి ప్రైవేటు డిటెక్టివు అని బోర్డు తగిలించుకున్నాడాయన. బోర్డు రాసింది మహానంది. ఒకప్పుడు బడిలో డ్రాయింగు మేష్టరు, ఇప్పుడు ఆయనకు సహాయకుడు. ఇమాం వలి తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే రకం.

వచ్చినవాళ్ళలో ఒకరు పదహారేళ్ళ సుంకమ్మ, నల్లగుట్ట సంస్థానానికి వారసురాలు. రెండో ఆమె ఆ పిల్లను పెంచిన ముసలి ఆయా దౌలత్ బీ. సంస్థానమంటే పెద్ద మాటే గానీ, 1936 నాటికి అక్కడ మిగిలింది ఒక మట్టికోట, పన్నెండు ఊళ్ళు, రెండేళ్ళుగా వాన మొహం చూడని నేల. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

"మా నాయన సచ్చిపోయి ఏడాదాయె," అంది సుంకమ్మ. "వారం దినాలుగా నన్ను పిలుస్తాండాడు."

"యాడ నుంచమ్మా?"

"గద్దె గదిలో. దినామూ మిట్టమధ్యాన్నం దీపం పెట్టేకి ఆడికి పోతా. పైనుంచి గొంతు వస్తాది. 'సుంకూ, గద్దె ఎక్కొద్దు. ఈ గదిలోకి రావొద్దు' అని. నన్ను సుంకూ అని పిలిచేది మా నాయనొక్కడే."

దౌలత్ బీ పైటకొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "శుక్రవారం పాప గద్దె ఎక్కాల. ఎక్కకుంటే చిన్నాయన నాగన్న దొరకు పోతాది. నేనే చేతబడి చేసినానని దివాను దేవేంద్రప్ప అంటాండాడు. శుక్రవారం లోపల నన్ను కోట దాటిస్తాడంట. నలభై ఏండ్లు ఆడనే ఉంటి. ఇప్పుడు యాడికి పోవాల నాయనా?"

"అది మీ నాయనేనని నమ్ముతాండావా?" అని ఇమాం వలి పిల్లనడిగాడు.

"దొంగయితే పట్టుకో. నాయనే అయితే..." సుంకమ్మ దౌలత్ బీ చెయ్యి పట్టుకుంది. "నాయనే అయితే ఎందుకొద్దంటాండాడో అడిగి చెప్పు."

దయ్యాల కేసులంటే ఇమాం వలికి విసుగు. ప్రతి దయ్యం వెనకా ఒక బతికున్న మనిషి, ఆ మనిషి వెనక ఒక పొలమో పెళ్ళో బయటపడేవి. చూసి చూసి ఆయనకు బతికున్నవాళ్ళంటేనే భయం పట్టుకుంది. అయినా ఆ పిల్ల ఆఖరి మాట విన్నాక కాదనలేకపోయాడు. కాళ్ళు తుడుచుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

బుధవారం పొద్దెక్కేసరికి నల్లగుట్ట చేరారు. గద్దె గదికి మందమైన మట్టిగోడలు. కిటికీ లేదు. పైన పెద్ద దూలాలు, వాటిమీద బండలు, బండలమీద మట్టి. వెలుతురు కోసం కప్పులో వదిలే కంతను గవాచి అంటారు. దొర పోయిన నాడు దాన్నీ బండతో మూసేశారు. గది మధ్యలో ఎత్తయిన దిమ్మె మీద ఎర్రమఖమలు పరుపు ఉంది. పరుపు నిండా సన్నటి పసుపుపచ్చని పొడి.

"దినామూ దులుపుతా, మళ్ళా రాలుతాది," అంది దౌలత్ బీ. "దయ్యం రాల్చే బూడిదంట."

ఇమాం వలి ఆ పొడిని వేళ్ళతో నలిపి, వాసన చూసి, కాగితంలో పొట్లం కట్టుకున్నాడు. మహానంది కప్పు బొమ్మ గీసుకున్నాడు.

నాగన్న దొర తెల్లమీసాల మనిషి. అడగకముందే మండిపడ్డాడు.

"నాకు గద్దె కావాలంటే పసిబిడ్డను బెదిరించాల్నా? కోర్టుకు పోతా. నాకేం సిగ్గు?"

"ఆ గదిలోకి పోతాంటారా?"

"దీపానికి ఆయమ్మి తప్ప ఎవురూ పోరు. శుక్రవారం మాత్రం అందరమూ పోతాము."

దివాను దేవేంద్రప్ప కోసినట్టు మాట్లాడాడు. "ముహూర్తం మారదు. పన్నెండూళ్ళ నగారాలూ ఆ మిద్దె మీద మోగాలి, నలభై మంది పైకెక్కి ఆడాలి. తాతలనాటి ఆచారం. గద్దె ముందర అపశకునం మాటలు ఎవరాడినా ఊరుకోను. ఈ నెలలోనే ఒకడి చెంప పగలగొట్టాను."

"ఎవురిదప్పా?"

"ఎవడో కూలివాడు. పేరెవరికి గుర్తు?"

వాకిట్లో కాపలా ఉండే జిలాని బాషా ఇంకా గట్టిగా చెప్పాడు. "పగటిపూట మిద్దెమీదికి ఎవురూ పోలే సామీ. ఈ వారం దినాలు నేను రెప్ప వాల్చలే."

మోకాళ్ళు పట్టుకుని, ప్రతి మెట్టుకూ ఒక నిట్టూర్పు విడుస్తూ ఇమాం వలి మిద్దె ఎక్కాడు. కోటలో మిద్దెలన్నీ నెర్రెలు విచ్చి నల్లబడి ఉన్నాయి. గవాచి బండ చుట్టూ మాత్రం మూడు మూరల మేర తెల్లటి మట్టి, అద్దంలా నున్నగా తట్టి ఉంది.

"మహానందీ, మిద్దెలకు చౌడు ఎప్పుడు పోస్తారు?"

"వానలకు ముందర సార్, మృగశిర కార్తె వచ్చేలోగా. కప్పు కారకుండా పోసే మట్టి గదా."

"ఇప్పుడేం మాసం?"

"పుష్యం."

ఇమాం వలి మడమతో నేలను ఒకసారి మెల్లగా తట్టాడు. అడుగున బోలుగా మోగింది. ఆయన మొహం మారిపోయింది. మహానంది భుజం పట్టుకుని, మోకాళ్ళ నొప్పి మరిచిపోయినట్టు గబగబా మెట్ల దగ్గరికి వచ్చేశాడు. "ఎవరినీ పైకి రానియ్యొద్దు," అన్నాడు. మహానందికి ఏమీ అర్థం కాలేదు. కానీ ఆయన అలా అన్నాడంటే ఏదో ఉందని మెట్లకు అడ్డంగా కూర్చున్నాడు.

గురువారం పొద్దున అందరినీ పెరట్లో పోగుచేశాడు ఇమాం వలి. గద్దె గదిలో కూర్చుందామని దివాను పట్టుబట్టాడు.

"ఆ గదిలోకి పోవొద్దు," అన్నాడు ఇమాం వలి. "ఈ మాట ఇంతకు ముందే ఎవరో అన్నారు గదా. నేను మొదట పట్టుకోవాల్సిన మాట అదే. గద్దె మీద ఆశ ఉన్నోడు గద్దె ఎక్కొద్దంటాడు. గదిలోకి రావొద్దని ఎందుకంటాడు? గదితో వాడికేం పని? ఈ దయ్యానికి గద్దె మీద కోపం లేదు, గది మీద భయం ఉండాది."

పొట్లం విప్పి ఎర్రపరుపు మీద రాలిన పొడి చూపించాడు. "ఇది బూడిద గాదు. దూలాన్ని పురుగు తొలిచిన పొడి. దినామూ ఇంత రాలితే లోపలేం మిగిలుంటాది? శుక్రవారం ఆ కప్పు మీద నలభై మంది ఎగురుతారు. కింద ఈ పిల్ల కూర్చుంటాది, మీరంతా ఆడే ఉంటారు."

దౌలత్ బీ సుంకమ్మను గట్టిగా దగ్గరికి లాక్కుంది.

"గొంతు మాటకొస్తే, గవాచి బండ జరిపి కుండలో నోరు పెట్టి మాట్లాడితే ఎవరిదైనా పెద్దదొర గొంతే. మరి పిలుపు పేరు తెలిసిందెట్ల? దొర బతికున్నప్పుడు గవాచి తెరిచే ఉండె. ఏటేటా దాని పక్కన కూర్చుని చౌడు తట్టేవాడికి కింద తండ్రీబిడ్డల మాటలన్నీ వినపడవా? జిలాని బాషా, మిద్దెమీదికి ఎవురూ పోలేదంటివే. చౌడు తట్ట నెత్తిన పెట్టుకుని ఎవురూ పోలేదా?"

జిలాని బాషా తెల్లబోయాడు. "గోపన్నా? ఆయప్ప మిద్దెపనోడు గదా సామీ. ఆయప్ప పోతే ఎవురో పోయినట్లు ఎట్లయితాది?"

"దొంగయితే బండ జరిపి అట్లనే వదిలేసి దిగిపోతాడు. మట్టి లేచిన మిద్దెను చూసి ఊరుకోలేనోడు ఒకడే. వానలు లేని మాసంలో, వానలు రాని దేశంలో, చౌడు తెచ్చి నున్నగా తట్టి దిగినాడు. అదే వాణ్ని పట్టిచ్చింది."

అందరి వెనక గోడ నీడలో కూర్చున్న ముసలాయన లేచాడు. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

"నలభై ఏండ్ల చెయ్యి సామీ. లేచిన మట్టిని ఇడిసిపెట్టి దిగేకి మనసు రాలే," అన్నాడు గోపన్న. "దూలం పోయిందని దివానప్పకు చెప్తి. గద్దె ముందర కప్పు కూలుతాదంటావా అని చెంప మీద కొట్టె. కూలోని మాట ఎవురింటారు? సచ్చిన దొర మాటయితే ఇంటారని ఈ పని చేస్తి."

"పాప ఎక్కకుంటే నేను ఎక్కుదును గదప్పా! కప్పు నామీద పడినా నీకేం లేదా?" అని నాగన్న అరిచాడు.

"ముందు పాపను తప్పిస్తే, మీకు ఇంకో గొంతు చూసుకుందామనుకుంటి దొరా," అన్నాడు గోపన్న నిజాయితీగా. ఎవరో నవ్వబోయి దివాను మొహం చూసి ఆగారు.

ఇమాం వలి గడ్డపార తెప్పించాడు. గడప దగ్గర నిలబడి నాగన్నే దాన్ని దూలంలోకి పొడిచాడు. పిండిలోకి దిగినట్టు మూరెడు దిగింది. అందరినీ దూరంగా పంపి, దూలానికి మోకు కట్టి బయటినుంచి లాగించారు. నాలుగో పట్టుకు కప్పంతా కూలింది. దుమ్ము తగ్గాక చూస్తే ఎర్రపరుపు ఉన్నచోట గుట్టగా బండలున్నాయి. దివాను దేవేంద్రప్ప అరుగు మీద కూలబడి తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

సుంకమ్మ గోపన్న దగ్గరికి వెళ్ళింది. "రేపు ఈ పెరట్లోనే గద్దె ఎక్కుతా. నగారాలు నేలమీదనే మోగుతాయి. దౌలతమ్మ యాడికీ పోదు. నువ్వు నా పక్కన నిలబడాల. దివానప్పా, ఈయప్ప పేరు గోపన్న. పన్నెండూళ్ళూ ఇనేటట్లు నువ్వే పిలువు."

దివాను తల ఊపాడు. గోపన్న తన చౌడు చేతులను పంచెకు తుడుచుకోవడం చూసి మహానంది మొహం పక్కకు తిప్పుకున్నాడు.

బండి కట్టేసరికి మిట్టమధ్యాహ్నమైంది. సుంకమ్మ వాకిలి దాకా వచ్చింది. దుమ్ములో కూలిన గద్దె గది వైపు ఒకసారి చూసింది.

"నన్ను బతికించినావు. మేలు మరిచిపోను," అంది. మళ్ళీ, "రేపట్నుంచి మధ్యాన్నం పూట నన్నెవురూ పిలవరు గదా?" అని అడిగింది.

ఇమాం వలి ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఎన్నో చావు కబుర్లు ఇంటింటికీ తిరిగి చెప్పాడు. ఒక్కటీ ఇంత కష్టమనిపించలేదు.

"పిలవరమ్మా," అన్నాడు.

ఆ పిల్ల సరేనన్నట్టు తల ఊపి, దీపం కుంది ఎక్కడ పడిందో వెతకడానికి రాళ్ళలోకి వెళ్ళింది.