మిట్ట మీద విన్న చప్పుడు

1963 మార్చి 14. ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు.

రామన్నపేట దాటాక చిట్యాల రోడ్డు మీద ఒక మిట్ట ఉంది. దాని దిగువన తుమ్మ పొదలో ఓ బుల్లి కారు ఇరుక్కుని ఉంది. స్టీరింగ్ మీదికి వాలి రామచంద్రం శవం. తల వెనక పెద్ద గాయం.

రామచంద్రం చేనేత సంఘం ప్రెసిడెంటు. కారు హాలండ్ దేశానిది. డ్యామ్ పనికి వచ్చిన ఓ దొర వెళ్లిపోతూ అమ్మితే మోజుపడి కొన్నాడు. కొని నెల. అందులో ఇరవై రెండు రోజులు అది ఇస్రాయేలు మెకానిక్ షెడ్డులోనే పడి ఉంది. ఊళ్లో నవ్వనివాడు లేడు.

ఇవాళ ఎవరూ నవ్వడం లేదు.

తొమ్మిదింబావుకు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పరమేశ్వర్ జీపు దిగాడు. షెడ్డు ముందు వందమంది. చాలామంది చేతుల్లో రాళ్లు. లోపల ఇస్రాయేలు. తలుపుకు అడ్డంగా కానిస్టేబుల్ గుర్వయ్య.

"వాన్ని బయటికి గుంజున్రి!"

"షెడ్డుకు అగ్గి పెట్టున్రి!"

అందరికంటే ముందు రామచంద్రం భార్య ఆండాళు నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఆమె చేతిలోనూ రాయి ఉంది.

"నా మొగన్ని గీడే సంపిండు సారూ. మంగళారం బజార్ల చెంప మీద కొట్టిండని పగవట్టిండు. 'గీ కారు నిన్ను మింగుతది' అన్నడు. అందరు విన్నరు."

"మీ ఆయన పొద్దున్నే ఎక్కడికి బయలుదేరిండు?"

"నల్లగొండకు. సంఘం నూలు రంగు పోతాంది. ఆఫీసర్లకు సూపెడ్తనని చీరెల మూట కార్ల ఏసుకున్నడు."

పరమేశ్వర్ పంచనామా తిరగేశాడు. మూట లేదు. లోపలికి వెళ్లి తలుపు వేశాడు.

"ఆ మాట అన్నవా?"

"అన్న సార్. దెబ్బ తిన్న మంట మీద అన్న."

"ఎందుకు కొట్టిండు?"

"బెల్టుల కోసం. దీంట్ల ఇంజన్‌కెల్లి చక్రాలకు రెండు రబ్బరు బెల్టులు. డ్రైవర్ చేతికి ఒక్క పుల్ల. ముందుకో, వెనకకో. గంతే. బెల్టులు అరిగినయి, బొంబాయికెల్లి తేవాలె. జత నాలుగు వందలు. గా పైసలకు జత ఎడ్లొస్తయి. 'పిండి గిర్ని బెల్టు కోసి ఎయ్' అన్నడు. ఎయ్యనన్న. కొట్టిండు."

"తర్వాత?"

"పాతయే బిగించిన. మెల్లగ పొమ్మని చెప్పిన."

పరమేశ్వర్ కారు దగ్గర దొరికిన బెల్టు ముక్క బల్ల మీద పడేశాడు. అంచు నున్నగా ఉంది. "ఇది తెగలేదు, కోసిన్రు. రెండోది బాగనే ఉంది. నువ్వేనా?"

ఇస్రాయేలు ముక్క చేతిలోకి తీసుకుని చూశాడు. అంత భయంలోనూ అతనికి చిరాకు వచ్చింది. "నేనే కోస్తే ఒక్కటెందుకు కోస్త సార్?"

"అంటే?"

ఇస్రాయేలు చెప్పాడు. పరమేశ్వర్ రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. ఈలోగా రేకుల మీద రాయి పడి దడదడలాడింది.

బయట సాక్షి సిద్ధంగా ఉన్నాడు. నూలు వ్యాపారి ఐలేశం. అతని ఇల్లు, బావి మిట్ట పక్కనే.

"ఎన్ని గంటలకు?"

"ఏడు గంటల పది నిమిషాలకు. గడియారం చూసిన."

"ఏం చూసినవ్?"

"మొదలు విన్న సార్. బాయి కాడ పండ్లు తోముకుంటున్న. కారు మిట్ట ఎక్కింది. సగం ఎక్కంగనే గేరు మార్చిండు. గుర్రుమన్నది. పైకి పోయి మల్ల మార్చిండు. గప్పుడే ఫట్‌మన్నది. ఉరికి చూస్తే తుమ్మలల్ల ఉన్నది. ఇస్రాయేలుగాని పనితనం!"

"అంత బాగా విన్నవా?"

"రోజు వినేదే కద సార్. బస్సు ఆడ గేరు మార్చిందంటే మా ఇంట్ల అందరు లేస్తరు."

"ఆ కారు ఎప్పుడన్న ఎక్కినవా?"

"నాకేం పని సార్, గా పాడు కార్ల?"

పరమేశ్వర్ గుర్వయ్య చెవిలో ఏదో చెప్పి పంపాడు.

పదకొండు గంటలకు జనమంతా మిట్ట పక్కన ఉన్నారు. కారును పొదలోంచి మిట్ట అడుగున రోడ్డు మీదికి లాగారు. బంపర్ వంగిందంతే. ఇస్రాయేలు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"ఎక్కించు. మిగిలినవాళ్లు నోర్మూసుకుని వినండి."

కారు కదిలింది. మెల్లగా ఎక్కింది. అడుగు నుంచి పైదాకా ఒకటే గుయ్యిమనే మోత. ఎక్కడా తెగలేదు, ఎక్కడా మారలేదు.

"గేరు మార్చిన చప్పుడు ఎవరికైనా వినపడ్డదా?"

జనం తలలు అడ్డంగా ఊపారు.

"వినపడదు. మార్చడానికి అందులో గేర్లు లేవు. బెల్టులే ఆ పని చేస్తయి. ఐలేశం, నువ్వు కారును వినలేదు. రోజూ వినే బస్సు సంగతి చెప్పినవ్."

ఐలేశం ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏదో లారీ చప్పుడు..."

"ఇంకోటి. ఇప్పుడు ఒక్క బెల్టుతోనే మిట్ట ఎక్కింది. అది నడుస్తదని ఊళ్లో తెలిసినోడు ఇస్రాయేలు ఒక్కడే. అతను కోస్తే రెండూ కోసేవాడు. ఒకటి కోసి పని అయిందనుకున్నోనికి ఈ కారు గురించి ఏమీ తెల్వదు."

గుర్వయ్య ఐలేశం బావి కొట్టం నుంచి మూట తెచ్చాడు. గడ్డి కింద దొరికింది. పరమేశ్వర్ అందులోని చీర ఒకటి బకెట్లో ముంచాడు. నీళ్లు ఎర్రబడ్డాయి.

"సంఘం కొన్న ఈ నూలు ఎవరిది?"

"వీనిదే!" అంది ఆండాళు.

ఐలేశం మోకాళ్ల మీద పడ్డాడు. "రోడ్డు మీద ఆపి బతిమాలిన సార్. వాపసు పొమ్మన్న. ఇనలే..."

"ఆయన కారు దిగి వెనక్కి తిరగంగనే రాయి ఎత్తినవ్. శవాన్ని కార్లో పెట్టి, బెల్టు కోసి, కిందికి తోసినవ్. నింద మోయడానికి ఇస్రాయేలు దొరికిండు."

బేడీలు పడ్డాయి.

జనం చల్లగా జారుకున్నారు. పొద్దున షెడ్డు తగలబెడతామన్న వందమందిలో ఇస్రాయేలుతో ఒక్క మాట అనడానికి ఒక్కడికీ నోరు పెగల్లేదు. సిగ్గులేని జనం!

ఆండాళు మాత్రం కారు దగ్గరికి వచ్చింది.

"దినాలైనంక నల్లగొండ పోవాలె. రంగు పోయే చీర ఇంట్ల ఇంకోటున్నది. గాయిన పని నేను చేస్త. బండి అందాక నడుస్తదా?"

"కొత్త బెల్టులైతే నడుస్తదమ్మా."

"బొంబాయికి జాబు రాయి. నాలుగు వందలు నేనిస్త." వంగిన బంపర్ మీద చెయ్యి వేసింది. "గిర్ని బెల్టు ఎయ్యకు."

పొద్దున్నుంచి పట్టుకున్న రాయిని ఆమె అప్పుడు కింద పడేసింది.