మూడో అంతస్తు నుంచి దిగిన బుట్ట

"ఇవాళ పొద్దుపోయేలోగా మీ అక్కను చంపేస్తారు," అన్నాడు కర్నల్ ఫుండోరా చుట్ట ఆర్పుతూ. "హంతకుడు టూరిస్టు వేషంలో హవానాలో దిగాడట."

ఏజెంట్ రెయినీర్ దిగ్గున లేచి నిలబడ్డాడు. అక్క ఎనెయ్దా డాక్టరు. కొత్త టీకా ఫార్ములా ఆమె బుర్రలోనే ఉంది. విదేశీ ముఠాకు అదే కడుపుమంట. ఇల్లు మారమంటే, "దొంగ వెధవలకు భయపడి నేను దాక్కోవాలా?" అని కసిరింది.

"ఈ కబురు ఎవరిచ్చారు సార్?"

"మైలిన్. ఆ ముఠాలో ఉన్న మన మనిషి. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగింది. నీకు సాయంగా వస్తుంది."

రెయినీర్ గైడ్ వేషం వేశాడు. గొడుగు పిడిలో వైర్‌లెస్. టూరిస్టుల గుంపును అక్క ఉండే వీధికి తోలుకొచ్చాడు. పొద్దున కురిసిన వాన వెలిసి, ఎండ చుర్రుమంటోంది. పెచ్చులూడిన గోడలను, విరిగిన స్తంభాలను చూసి వాళ్లు ఒకటే ఫొటోలు. కూలే కొంపల్లో ఏం అందం కనిపిస్తుందో ఆ దేవుడికే తెలియాలి! ఎవరి సంచిలో చావు ఉందో తెలియక రెయినీర్ ఒక్కో సంచినీ కళ్లతోనే తడిమాడు.

మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఎనెయ్దా బుట్టను తాడుతో కిందికి దించింది. మెట్లు సగం కూలినప్పటి నుంచి ఆ ఇంట్లోకి ఏ సరుకైనా అలా ఎక్కాల్సిందే. అప్పుడే రేషన్ రొట్టెతో వచ్చింది మైలిన్. ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు, చూపు తిప్పుకోలేనంత అందం.

"నువ్వు ఆ టూరిస్టులను కనిపెట్టి ఉండు. రొట్టె నేను వేస్తాలే," అంది.

వేసింది. బుట్ట పైకి లేచింది. మైలిన్ బాల్కనీల నీడన, గోడ వెంబడి తాపీగా నడిచి వెళ్తోంది.

రెయినీర్ చూపు ఆమె మీదే ఆగిపోయింది. నానిన గోడ కూలేది వానలో కాదు, వెలిశాక కాసే ఎండలో. ఇలాంటి రోజు ఈ ఊళ్లో పుట్టిన పసివాడైనా రోడ్డు మధ్యనే నడుస్తాడు!

"అక్కా! తాడు వదిలెయ్!"

"ఒరేయ్, తినే రొట్టె మట్టిపాలు చేయమంటావా? పిచ్చి పట్టిందా?"

"అందులో బాంబుందే! నీకు దణ్ణం పెడతా, వదిలెయ్!"

"ఎండకు కళ్లు తిరిగాయేమో, నీళ్లు తాగు పో!"

తాడు పట్టి లాగుదామంటే ఆ పుచ్చిపోయిన బాల్కనీ అక్కతో సహా ఊడిపడుతుంది. ఏం చేయాలో తోచక, చేతులు జోడించి, నడివీధిలో భోరున ఏడ్చేశాడు. తమ్ముడి కన్నీళ్లు ఎన్నడూ చూడని ఎనెయ్దా బెదిరిపోయి తాడు వదిలేసింది.

బుట్టను గాల్లోనే ఒడిసిపట్టి, ఎదురుగా ఉన్న పాడుబడ్డ ఖాళీ ఇంట్లోకి విసిరేశాడు.

ఢామ్!

వీధంతా దుమ్ము. వీధి చివర డామినో పలకల ఆట ఆడుతున్న ముసలాళ్లు, పరుగెత్తబోయిన మైలిన్ మీద బల్లతో సహా పడ్డారు. మూడో అంతస్తులో అక్క దగ్గుతూ అతన్ని తిడుతోంది. ఆ తిట్లు వింటూ రెయినీర్ రోడ్డు మీదే కూలబడ్డాడు.

పొరుగింటి ఒస్మారా బామ్మ దుమ్ము దులుపుకుంటూ వచ్చి అతని భుజం తట్టింది.

"ఆ కొంప పడగొట్టండ్రా బాబూ అని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మా కాళ్లరిగాయి నాయనా! నీకు పుణ్యముంటుంది... దాని పక్కదానికి ఇంకోటేమైనా ఉందా?"