తడిగుడ్డ చుట్టిన సీసా

అనసూయ పొద్దున్నే పాలు కాచి, కాఫీకి రమ్మని కూతుర్ని రెండుసార్లు పిలిచింది. అపర్ణ పలకలేదు. అలిగిందేమోలే అనుకుంది. రాత్రి కూతురు గురజాల సంబంధం వద్దన్నందుకు తన నోరు ఊరుకుందా మరి! "నువ్వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అని కూడా అనేసింది. అన్నాక తెల్లవార్లూ ఆ మాటే తల్చుకుని కుమిలిపోయింది.

గదిలో చూస్తే మంచం ఖాళీ. పెరట్లో సామాన్ల గది తలుపు ఓరగా తీసి ఉంది. అనసూయ గడప దాకా పరిగెత్తి ఆగింది. మిరపతోటకు కొట్టే పురుగుమందులన్నీ అందులోనే ఉంటాయి.

ఆమె చెల్లెలు విమల పెళ్లికాని వయసులో, నాన్న తిట్టాడని పురుగుమందు తాగింది. ఏం తాగావే అంటే "ఏం లేదక్కా, మజ్జిగ" అంది. అందరూ నమ్మారు. తెల్లారేసరికి విమల పోయింది. ఆ భయంతోనే అనసూయ ఇన్నేళ్లుగా ఈ గది గడప తొక్కలేదు.

ఇవాళ తొక్కింది.

అపర్ణ స్ప్రేయర్ పక్కన పీట మీద కూర్చుని ఉంది. తడిగుడ్డ చుట్టిన సీసాలోంచి గాజుగ్లాసులోకి లేత పసుపు నీళ్లేవో వంచింది. కిటికీ వెలుగులో చూసి, వాసన పీల్చి, ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. ఆ మొహంలో ప్రశాంతత చూసి తల్లి ఒక్క ఉదుటున మీదికి వచ్చింది.

"ఒసేయ్!" ఒక్క దెబ్బకు గ్లాసు ఎగిరి పడి భళ్లున పగిలింది. "ఏం తాగావే? కక్కెయ్! ముందు కక్కెయ్యవే!"

"ఏం లేదమ్మా..."

అదే మాట! అనసూయ కూతురి భుజాలు పట్టి కుదిపేసింది.

"అబద్ధాలాడమాక! ఏందది?"

"వైనమ్మా, ఫ్రాన్సుది. ద్రాక్షలతో చేస్తారు. హైదరాబాదు హోటల్లో నాది మీకు చెప్పినట్టు రిసెప్షన్ పని కాదమ్మా. వైన్లు రుచి చూసి, ఏ భోజనానికి ఏది బాగుంటదో చెప్పే పని. వచ్చేవారం పరీక్ష. పొద్దున్నైతే నాలిక శుభ్రంగా ఉంటదని..."

అనసూయకు ఒక్క ముక్క ఎక్కలేదు. సీసా లాక్కుంది.

"అయితే నేనూ తాగుతా. నువ్వెక్కడికో నేనూ అక్కడికే!"

గటగటా రెండు గుక్కలు మింగి, కూతుర్ని కరుచుకుని గోడకు చేరగిలబడింది. కడుపులో మంట ఎప్పుడు మొదలవుతుందా అని ఊపిరి బిగబట్టి చూసింది. మంట రాలేదు. నోట్లో నిమ్మతొక్క లాంటి పులుపు, తడిగుడ్డ నిలిపిన చల్లదనం మిగిలాయి.

"తియ్యగా లేదేందే?" కూతుర్ని వదలకుండానే అడిగింది.

"ఈ రకం తీపుండదమ్మా, తేలిగ్గా ఉంటది. ఆ ద్రాక్ష సున్నపురాయి నేలలో పండుద్ది, మన దాచేపల్లి నేల లాంటిదే. మెల్లగా తాగితే వాన పడ్డ నాపరాయి వాసన వచ్చిద్ది."

అనసూయ ఈసారి మెల్లగా ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. నిజమే, పుట్టింటి అరుగు వాసన. తనూ విమలా వాన చూస్తూ కూర్చున్న అరుగు. బావురుమని ఏడ్చేసింది.

"పురుగుమందుల మధ్య కూర్చుని తాగేంత భయపెట్టానా నిన్ను?"

"నువ్వీ గదిలోకి రావని..." అపర్ణ కూడా ఏడుస్తోంది.

"నువ్వు లేకపోతే నేనేడుంటానే పిచ్చిదానా!"

అనసూయ సీసా బిరడా బిగించి వంటింట్లోకి తీసుకెళ్లింది. ఫ్రిజ్‌లో మజ్జిగ గిన్నె జరిపి, పక్కనే పెట్టింది.

"మీ నాన్నతో నేను చెప్తాలే. ఇకనుంచి ఏం తాగినా ఈడ, నా కళ్ల ముందర తాగు. 'ఏం లేదమ్మా' అని మాత్రం ఇంకెప్పుడూ అనమాకే తల్లీ."