రోజుకొక్క మాత్ర

సుందరి ఖాళీ సీసాను కౌంటర్ మీద ఠపీమని పెట్టింది. పందొమ్మిది వందల అరవై ఏడు, ఏప్రిల్. బయట వాన. చీర అంచు నిండా చెరుకుతోటల బురద.

"మిస్యే కన్నయ్యా! మా నాయన్ని చంపుదామనుకున్నారా?"

సుందరి మా మారిషస్ ఊరు సాంత్ర్ ద ఫ్లాక్‌లో తెలుగు టీచర్. ఆమె బస్సు దిగడం ఈ మందులషాపు కౌంటర్ వెనక నుంచి రెండేళ్ళుగా చూస్తున్నాను. పలకరించే ధైర్యం లేదు. తీరా మాటలు మొదలైతే ఇలా!

"అది విటమిన్ సి మేడమ్. యాంటీఆక్సిడెంట్. ఒంట్లో తుప్పు పట్టనివ్వదని కంపెనీవాళ్ళ కాగితంలో ఉంది. రోజుకొకటి వేసుకుంటే మంచిదే."

"రోజుకొకటా? రామనవమి భజనలో పాటకొకటి చప్పరించాడు! ఇరవై రెండు పాటలు!"

నాకు నవ్వాగలేదు.

"నవ్వండి! దీపం చుట్టూ చిందేస్తూ కడుపు పట్టుకుని పరిగెత్తాడు. తాత నాటి నుంచి ఆగని భజన ఆగిపోయింది. తాళాలు పెట్టెలో పెట్టేశాడు. ఇక జన్మలో పాడడట!"

నాకూ ఒళ్ళు మండింది. "ఒకటే వేసుకోవాలి, ఎక్కువైతే విరేచనాలవుతాయని సీసా మీద రాసిచ్చానుగా!"

"ఏ భాషలో?"

"ఫ్రెంచిలో."

"ఆయన చదివేది తెలుగొక్కటే. పేరు చూస్తే కన్నయ్య, రాసేది ఫ్రెంచి! నోటితో ఓ మాట చెబితే అరిగిపోతారా?"

ఆయన మందు కొన్న రోజు షాపు నిండా జనం. నిజంగానే చెప్పలేదు. ఆమె విసవిసా వెళ్ళిపోయింది. నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. భజనమేళం అంతా కూర్చుని ఉంది. సుందరి నాయన కొండయ్యగారు మాత్రం గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

"తప్పు ఆయనది కాదు, నాది," అన్నాను అందరికీ వినబడేలా. "మందిచ్చి, ఎలా వాడాలో చెప్పలేదు. నవ్వేవాళ్ళు నన్ను చూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. కొండయ్యగారు నన్ను ఎగాదిగా చూశారు. "ఇప్పటికి నోరు పెగిలిందా నీకు?" అని కసిరి, తాళాలు తెమ్మన్నారు.

మొదటి పాట అవుతుండగా సుందరి నన్ను వరండాలోకి లాక్కెళ్ళింది.

"బుద్ధుందా? ఇంతమందిలోనా చెప్పేది? మీ షాపు యజమాని పియర్ దొర చెవిన పడితే రేపే ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడనీ. మధ్యలో నీకెందుకు కోపం?"

"రెండేళ్ళుగా దొంగచూపులు చూస్తావు, నాకు తెలీదనుకున్నావా? ఉద్యోగం లేనివాడికి మా నాయన పిల్లనెలా ఇస్తాడు, అయ్యో!"

అనేసి నాలుక కరుచుకుంది. లోపల పాట అప్పుడే ముగిసింది. ఆ మాట మేళమంతా విన్నది.

సుందరి చీర కొంగుతో ముఖం కప్పుకుంది.

కొండయ్యగారు గొంతు సవరించుకున్నారు. "సుందరీ, ఆ అబ్బాయిని లోపలికి తీసుకురా. వంతపాటకి ఒక గొంతు తక్కువైంది."

నాకు పాడడం రాదు. అయినా వెళ్ళి ఆయన పక్కనే కూర్చున్నాను.