తలుపుకు చెవెందుకు?

భువనగిరి బస్టాండులో గాజుల మలారం భుజానేసుకుని దిగినవాడిని ఏజెంట్ బషీర్ అని ఎవరూ అనుకోలేదు. ఆ పెట్టుడు గడ్డాన్ని కన్నతల్లి చూసినా సలాం చేసి పక్కకు జరిగేది. అది 1998, మే నెల ఎండ.

సోడాబండి తోస్తున్న చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ గుక్కెడే. "ధర్మయ్య అని మగ్గం నేసేటాయన కంప్యూటర్ నేర్చి 'గువ్వ' అని చిన్న లినక్స్, అంటే కంప్యూటర్‌ను నడిపే సిస్టం, చేసిండు. అది యాభై రాడార్ స్టేషన్లకు పోవాలె. విదేశీ ముఠా దాంట్ల 'చెవి' అనే గూఢచారి ప్యాకేజీ, అంటే ఒక ప్రోగ్రాం ముక్క, దూర్చింది. నాలుగు గంటలకు మాస్టర్ డిస్క్ జీపెక్కుతది. ఆపు."

మూడున్నరకే బషీర్ ఖిల్లా గుట్ట కింద రాతి గోదాములో బందీ. మన మనిషేనని బషీర్ నమ్మిన మంజులత కోడ్‌వర్డ్ సరిగ్గానే చెప్పింది, పట్టుచీర సరిగ్గానే కట్టింది, తలుపు మాత్రం బయటినుంచి మూసింది.

"గాజులు నేనమ్ముత గని, నువ్వు నాలుగు దాక కూసో భాయ్."

గోడ మందం నాలుగు ఏనుగులంత. ఇనుప తలుపును అయస్కాంతం పట్టుకుని ఉంది. గువ్వతో దాన్ని నడిపే కంప్యూటర్ గోడ అవతల. గాజులో దాచిన రంపం అరిగిపోయింది. సుర్మా డబ్బీలోని బాంబు తుస్సుమని బషీర్ మొహానికి సుర్మా పెట్టింది.

మూలన, ఆ కంప్యూటర్‌కే తగిలించిన ఒక స్క్రీను ముందు ధర్మయ్య. మాస్టర్ డిస్క్ కాపీ మధ్యలో ఇరుక్కుంటే సరిచేయడానికి ఆయన్ని కూడా అక్కడే పెట్టి తాళమేశారు.

"కాపీ ఆపు కాకా."

"ఆపే ఆర్డర్ ఆమె చేతిల ఉంది. ప్యాకేజీలు పెట్టుడు, తీసుడు వరకే నాది."

"మరి చెవిని తీసెయ్."

"గది గూఢచారా? పాటలు వినేటిదనుకున్న."

ధర్మయ్య ఇంట్లో మగ్గం ఎక్కేముందు గోడమీద సుద్దతో రెండు వరుసలు రాసేవారు. నూలు, అచ్చు, నాడె: లేకుంటే నడవదు. బీడీ, రేడియో: ఉంటే మంచిది. గువ్వలో కూడా ప్రతి ప్యాకేజీకి అలాంటి చీటీయే రాశాడు. ఒకదాన్ని తీసేస్తే, అది లేకుంటే నడవనివన్నీ దానితోపాటే పోతాయి. అది ఉంటే మంచిదన్నవి మాత్రం కదలవు.

చీటీలు తిప్పుతూ ధర్మయ్య కిసుక్కున నవ్వాడు. "చెవిని ఎవలు ముట్టొద్దని అన్ని చీటీల మొదటి వరుసల దాని పేరే రాసిండ్రు. ఆఖరికి తలుపు చీటీల గూడ. తలుపుకు చెవెందుకు బిడ్డా?"

బషీర్ లేచి నిలబడ్డాడు. "తీసెయ్ కాకా."

మూడు యాభై తొమ్మిది. స్క్రీను అడిగింది: చెవితోపాటు నలభై మూడు పోతాయి. కాపీ, గడియారం, తలుపు... తీయాలా?

"గడియారం పోతే టైమెట్ల తెలుస్తది?"

"బయటికి పోయి అడుగుదాం."

ధర్మయ్య ఎంటర్ నొక్కాడు. తొంభై ఏడు శాతం దగ్గర కాపీ ఆగిపోయింది. అయస్కాంతం పట్టు వదిలింది. బయట తలుపుకు చెవి ఆనించి వింటున్న మంజులత పట్టుచీరతో సహా లోపలికొచ్చి పడింది.

బేడీలు పడుతుంటే గొణిగింది: "రెండో వరుసల రాస్తే అయిపోతుండె."

"అబద్ధమైనా జర వరుస చూసి రాయాలె బిడ్డా," అన్నాడు ధర్మయ్య.

బషీర్ ఊడిన గడ్డం సర్దుకున్నాడు. "మరి నీ చీటీల నా పేరు ఏ వరుసల రాస్తవ్ కాకా?"

ధర్మయ్య ఆ సుర్మా మొహాన్ని, అరిగిన రంపాన్ని తీరుబడిగా చూశాడు.

"బీడీ పక్కన."